శుక్రవారం రాత్రి 3.08: మా స్టూడియోకి క్యాలెండరా, ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేరా?

2025 నవంబర్ 7, శుక్రవారం. రాత్రి ఎనిమిదీ నలభైకి ఫోన్ మోగింది. అప్పుడే భోజనాలకి కూర్చున్నాం. అవతల గుడివాడ పెళ్ళికూతురి నాన్నగారు. "ఏమ్మా, ఫొటోల వాళ్ళు ఎంతవరకు వచ్చారు? ఎదుర్కోలుకి టైమవుతోంది" అన్నారు.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మా లెక్కలో ఆ పెళ్ళి మర్నాడు రాత్రి.

ఫోన్‌లో శుభలేఖ ఫొటో వెతికాను. "శుక్రవారం రాత్రి 3.08 గం.లకు (తెల్లవారితే శనివారం) కన్యాలగ్నమందు" అని శుభ్రంగా అచ్చేసి ఉంది. కానీ మేం శుభలేఖ చూసి రాసుకోలేదు. ఆగస్టులో బుకింగ్ అప్పుడు పెళ్ళికొడుకు అన్నయ్య వాట్సాప్‌లో "8వ తారీఖు, 3.08 ఏఎం" అని పెట్టాడు. అందులోనూ తప్పు లేదు. దాన్ని చూసి నేను మా గ్రూపులో "8 శనివారం, రాత్రి 3.08, గుడివాడ" అని పెట్టాను. ఆ "రాత్రి" నేను కలిపిందే. దాంతో టీమంతా శనివారం రాత్రికి సిద్ధంగా ఉంది, శుక్రవారం రాత్రి ఇంట్లో కూర్చుంది.

మాది విజయవాడ గాంధీనగర్‌లో పెళ్ళిళ్ళ ఫొటో, వీడియో స్టూడియో. మొత్తం తొమ్మిది మందిమి: మా ఆయన, నేను, మామయ్యగారు, ట్రెడిషనల్ ఫొటో ఒకరు, వీడియో ఒకరు, క్యాండిడ్ తీసే కుర్రాడు, డ్రోన్ అబ్బాయి, ఆల్బమ్ డిజైనర్, లైట్లు పట్టుకునే పిల్లాడు. ఆ రాత్రి క్యాండిడ్ కుర్రాడు ఏలూరులో ఎవరిదో మొదటి పుట్టినరోజులో ఉన్నాడు. డ్రోన్ బ్యాటరీలు ఛార్జింగ్‌లో లేవు. మా ఆయనా, ట్రెడిషనల్ ఆయనా తొమ్మిదింపావుకి కారెక్కారు. గుడివాడ ఓ నలభై అయిదు కిలోమీటర్లు. పదీ నలభైకి చేరారు. వీడియో ఆయన బండి మీద వెనకాలే వెళ్ళాడు. ఎదుర్కోలు అయిపోయింది. ఎవరో చుట్టాలబ్బాయి ఫోన్‌లో తీసిన వీడియోనే దిక్కయింది. క్యాండిడ్ కుర్రాడు ఒంటిగంటా ఇరవైకి దిగాడు. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు అన్నీ వచ్చాయి. డ్రోన్ మాత్రం ఎగరలేదు.

ఇంట్లో నేను నిద్రపోలేదు. ప్రతి అరగంటకీ ఫోన్ చేసి "తిట్టారా?" అని అడిగాను. ఎవరూ తిట్టలేదు. బ్యాలెన్స్ డబ్బులిచ్చేటప్పుడు పెళ్ళికూతురి నాన్నగారు, "మా అమ్మాయి ఎదుర్కోలు మళ్ళీ రాదు కదండీ" అన్నారట, అంతే. మేమే 25,000 తగ్గించి తీసుకున్నాం. తిట్టి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

నవంబర్ 10, సోమవారం ఇంట్లో పంచాయితీ పెట్టాం. రెండేళ్ళ క్రితం వరకు డేట్లన్నీ మామయ్యగారి డైరీలో ఉండేవి. ఆయన పంచాంగం పక్కన పెట్టుకుని, వారం, తిథి, "రా" (రాత్రి), "తె" (తెల్లవారుజాము) అని పొట్టి అక్షరాలతో రాసేవారు. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి తెల్లవారుజామున మూడింటి ముహూర్తాన్ని ఆయన శుక్రవారం కిందే వేసేవారు. ఫోన్‌కేమో అర్ధరాత్రి పన్నెండు దాటితే శనివారం. ఆయన కంటి ఆపరేషన్ తర్వాత పని నా చేతికొచ్చింది. నేను వాట్సాప్ గ్రూపు, స్టూడియోలో ఒక వైట్ బోర్డు, నా బుర్ర, ఈ మూడింటితో నెట్టుకొచ్చాను.

"ఇక సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాల్సిందే" అన్నారు మా ఆయన. దానికి ముహూర్తం కూడా దొరికింది. నవంబర్ ఆఖరి వారం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా శుక్రమూఢం. మా బుక్‌లో చివరి పెళ్ళి నవంబర్ 23న. ఆ తర్వాత దాదాపు మూడు నెలలు పెళ్ళిళ్ళుండవు. పుట్టినరోజులు, బేబీ షూట్లు, మిగిలిపోయిన ఆల్బమ్‌ల పని. కొత్తది నేర్చుకోడానికి ఇంతకంటే మంచి టైమ్ దొరకదు అనుకున్నాం. ఖాళీ రోజుల్లో నేర్చుకున్నది రద్దీ రోజుల్లో నిలబడుతుందా అన్నది అప్పుడు తట్టలేదు.

మా తమ్ముడు హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలో పని చేస్తాడు. "అక్కా, మీకు కావాల్సింది ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ టూల్. ఒక్కో పెళ్ళి ఒక్కో ప్రాజెక్ట్" అన్నాడు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. పేరు చెప్పను గానీ, పేరున్న విదేశీ కంపెనీదే. నవంబర్ 28న 14 రోజుల ఉచిత ట్రయల్ మొదలుపెట్టాం. నాలుగు రాత్రులు వీడియో కాల్‌లో తమ్ముడే అంతా సెట్ చేశాడు. ఒక్కో పెళ్ళికి 34 పనులు తేలాయి! అడ్వాన్స్ తీసుకోవడం దగ్గర నుంచి హార్డ్‌డిస్క్‌లో రెండో కాపీ దాకా, ప్రతి పనికీ ఒక మనిషి, ఒక తేదీ. ఏ పని ఏ రోజు నుంచి ఏ రోజు దాకానో చూపించే గాంట్ చార్ట్‌లో రంగు రంగుల పట్టీలు చూసి మా ఆయన మురిసిపోయారు. నిజం చెప్పాలంటే నేనూ మురిసిపోయాను. ఇన్నేళ్ళుగా మేం ఇంత పని చేస్తున్నామా అనిపించింది.

డిసెంబర్ 12న ట్రయల్ అయిపోయింది, డబ్బు కట్టాలి. ఇక్కడ మొదటి షాక్. సైట్‌లో చూపించే ధర ఒక మనిషికి నెలకి 10 డాలర్లు. మామయ్యగారిని తీసేస్తే ఎనిమిది మందిమి, 80 డాలర్లు అనుకున్నాం. కానీ సీట్లు (మనిషికి ఒకటి) విడివిడిగా అమ్మరు, అయిదేసి చొప్పున కొనాలి. అంటే పది. డాలర్ అప్పటికి 90 రూపాయల దగ్గరుంది. 9,000 అయింది. దాని మీద 18 శాతం జీఎస్టీ, 1,620. విదేశీ కరెన్సీలో కట్టినందుకు కార్డు బ్యాంకు మార్కప్ ఇంకో 250. మొత్తం 10,870. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గుతుందని పేజీ నిండా ఊరిస్తూనే ఉంది. "ఒక్క నెల చూద్దాం" అన్నాను. ఈ మొత్తం కథలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

ఒక్క నెల కూడా ఎక్కువే అని పదో రోజుకి అర్థమైంది. కుర్రాళ్ళు దాన్ని తెరవడం లేదు. 34 పనుల్లో ఏది కదిలినా అందరికీ నోటిఫికేషన్. "వదినా, ఆ యాప్ రోజంతా టింగు టింగుమంటోందని తీసేశా" అన్నాడు డ్రోన్ అబ్బాయి, దాచుకోకుండా. తీసేయని వాళ్ళు మ్యూట్‌లో పెట్టారు. సాయంత్రమయ్యేసరికి అందరూ నాకే ఫోన్: "వదినా, రేపు ఎక్కడ? ఎన్నింటికి? ఎవరెవరం?" వాళ్ళకి కావాల్సింది ఆ మూడు ముక్కలే. యాప్‌లో అవి ఉన్నాయి, కానీ ప్రాజెక్ట్ తెరిచి, పని తెరిచి, కిందికి జరిపితే గానీ కనపడవు. నాకు ఫోన్ చేస్తే రెండు సెకన్లు. నేనైనా నాకే ఫోన్ చేస్తాను.

ఇంట్లో దీని మీద మాటా మాటా పెరిగింది. "కుర్రాళ్ళకి క్రమశిక్షణ లేదు" అని మా ఆయన, "వాళ్ళు తెరవని యాప్‌కి పదకొండు వేలా" అని నేను. రెండు రోజులు కాఫీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోవడం తప్ప మాటల్లేవు.

డిసెంబర్ 27 రాత్రి ఇంకో పని చేశాను. నవంబర్ 6 నుంచి 23 దాకా మేం చేసిన 11 ఫంక్షన్లనీ మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాను. ఒకసారి ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్‌లో, ఒకసారి మామూలు గూగుల్ క్యాలెండర్‌లో. నవంబర్ 7 రాత్రి ఈ రెండిట్లో ఏదైనా నన్ను కాపాడేదా? నాకు తేలాల్సింది అదే.

ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్ కాపాడేది కాదు. దాని పట్టీలు రోజుల లెక్క. గుడివాడ పెళ్ళి 8వ తేదీ గడిలో ఒక పట్టీ, అంతే. తెల్లవారుజామున మూడా, మధ్యాహ్నం మూడా అన్నది బయటికి కనపడదు. అంతకంటే పెద్ద తంటా ఇంకోటి. శుక్రవారం రాత్రంతా పెళ్ళి తీసి శనివారం ఉదయం ఆరింటికి బయటపడిన మనిషి, పట్టీని శుక్రవారం గడిలోకి మారిస్తే, శనివారం "ఖాళీ" అని చూపిస్తోంది. అతన్ని తొమ్మిదీ ఇరవై ముహూర్తానికి వేయొచ్చట. రాత్రంతా నిలబడి కెమెరా పట్టుకున్న మనిషి గురించి దానికేం తెలుసు.

కానీ క్యాలెండర్ కూడా కాపాడేది కాదు! ఇది నేను ఊహించలేదు. 8వ తేదీ 3.08 ఏఎం అని వేస్తే అది శనివారం నిలువు వరుసలో పైన ఎక్కడో కూర్చుంటుంది. తెరవగానే కనపడేది పగటి గంటలు. పైకి జరిపితే తప్ప ఆ చిన్న ముక్క దొరకదు. ఫోన్‌లో లిస్టు చూస్తే శనివారం కింద మొదటి లైన్. శుక్రవారం మధ్యాహ్నం "ఇవాళ ఏముంది" అని చూసే కుర్రాడికి ఏమీ లేదనే కనపడుతుంది.

ఒంటిగంట దాటాక ఆ ఎంట్రీ తీసేసి ఇంకోలా వేశాను. ముహూర్తం టైమ్ కాకుండా, బండి మా స్టూడియో నుంచి కదలాల్సిన టైమ్‌తో మొదలుపెట్టాను. శుక్రవారం సాయంత్రం 4 నుంచి శనివారం ఉదయం 6 దాకా ఒకే ఎంట్రీ. పైన పేరు: "గుడివాడ పెళ్ళి, శుక్ర రాత్రి తె. 3.08". ఆ పట్టీ శుక్రవారం సాయంత్రం నుంచి కిందికి కారి, శనివారం పొద్దుట్లోకి పొంగింది. ఎవరికి నిద్రలేదో కూడా కనపడుతోంది. మా ఆయన్ని లేపి చూపించాను. కళ్ళు నులుముకుంటూ చూసి, "దీనికి డబ్బులెంత?" అన్నారు. ఏమీ లేదన్నాను. తిరిగి పడుకున్నారు.

సాఫ్ట్‌వేర్ మానేయడం కూడా తేలిగ్గా కాలేదు. క్యాన్సిల్ బటన్ "ఓనర్"కి మాత్రమే కనపడుతుంది. అకౌంట్ తెరిచింది తమ్ముడి మెయిల్‌తో, కాబట్టి ఓనర్ వాడు. కార్డు మాది, ఓనర్ వాడు. జనవరి 12న మళ్ళీ డబ్బు కట్ అవుతుంది. వాడికి ఆఫీసులో ఏదో రిలీజ్, రెండు రోజులు ఫోనెత్తలేదు. 10వ తేదీ రాత్రి పదకొండింటికి ఎత్తాడు, అప్పుడే క్యాన్సిల్ చేయించాను. అంతకుముందే డేటా అంతా ఎక్సెల్‌లోకి దించుకున్నాం. 34 పనుల లిస్టు మాత్రం ఇప్పటికీ పనికొస్తోంది, ప్రింట్ తీసి గోడకి అంటించాం. మీరెవరైనా ఇలాంటిది తెరిచేటప్పుడు అకౌంట్ మీ మెయిల్‌తోనే తెరవండి, సెట్ చేసేది ఎంత దగ్గర మనిషైనా సరే.

ఇక క్యాలెండర్ సంగతి. జనవరి 5న కంప్యూటర్‌లో "పెళ్ళిళ్ళు" అని కొత్త క్యాలెండర్ తెరిచి, అందరి జీమెయిల్‌లకీ షేర్ చేశాను. అయిదు నిమిషాల పని. కానీ అందరి ఫోన్లలోకీ అది రావడానికి ఆరు రోజులు పట్టింది. షేర్ చేయగానే అవతలి వాళ్ళకి ఒక మెయిల్ వెళ్తుంది, అందులో లింకు నొక్కితేనే క్యాలెండర్ వాళ్ళ దాంట్లో చేరుతుంది. మా కుర్రాళ్ళు మెయిల్ తెరిచి ఎన్నాళ్ళయిందో. వీడియో ఆయనకి ఫోన్‌లో రెండు జీమెయిల్‌లున్నాయి, నాకిచ్చింది వాడనిది. చివరికి 11వ తేదీన, సంక్రాంతికి ఊళ్ళకి వెళ్ళేముందు అందరినీ స్టూడియోకి పిలిచి, ఉప్మా పెట్టి, ఒక్కొక్కళ్ళ ఫోన్ తీసుకుని నేనే చేశాను. మొదటి రోజే అలా చేయాల్సింది.

రంగుల దగ్గర నవ్వుల పాలయ్యాను. "ఎర్రగా ఉంటే పెళ్ళి, పచ్చగా ఉంటే మిగతా ఫంక్షన్లు" అని రెండు క్యాలెండర్లు పెట్టి గొప్పగా చెప్పాను. డిజైనర్ తన ఫోన్ చూపించి, "నాకు పెళ్ళిళ్ళు ఊదా రంగులో ఉన్నాయి వదినా" అన్నాడు. క్యాలెండర్ రంగు ఎవరి ఫోన్‌లో వాళ్ళదే. రిమైండర్ కూడా అంతే, నేను పెట్టుకున్నది నాకే మోగుతుంది. అందుకని ఇప్పుడు ఆ ఫంక్షన్‌కి వెళ్ళే వాళ్ళని పేరు పేరునా గెస్టులుగా కలుపుతున్నాను. వాళ్ళకి విడిగా పిలుపు వెళ్తుంది, వస్తామో రామో నొక్కాలి. డ్రోన్ అబ్బాయి అన్నిటికీ "మేబీ" నొక్కుతాడు. అదేంటయ్యా అంటే, "గాలి ఎలా ఉంటుందో ఇప్పుడే ఎలా చెప్తాం వదినా" అంటాడు.

జనవరి 21న ఒక దెబ్బ తగిలింది. లైట్ల పిల్లాడు తన ఫోన్‌లో పాతవి తీసేద్దామని మార్చి నెల బుకింగ్‌లు మూడు డిలీట్ చేశాడు. అందరికీ మార్చే హక్కు ఇచ్చేశాను మరి. తన ఫోన్‌లోంచే పోతాయనుకున్నాడు, అందరి ఫోన్లలోంచీ పోయాయి. నాకు గుండె ఆగినంత పనైంది. కంప్యూటర్‌లో తెరిస్తే చెత్తబుట్టలో దొరికాయి, ముప్పై రోజులు అక్కడే ఉంటాయట. వెనక్కి తెచ్చుకుని, ఆ సాయంత్రమే మా ఆయనకీ నాకూ తప్ప మిగతా అందరికీ చూసే హక్కు మాత్రం ఉంచాను. ఒక్కళ్ళూ అడగలేదు, ఎందుకు తీసేశారని.

కుర్రాళ్ళకి దీన్ని నచ్చేలా చేసింది నేను అసలు లెక్కలోకి తీసుకోని విషయం. ఎంట్రీలో ఫంక్షన్ హాల్ పేరు లొకేషన్‌గా వేస్తే, దాని మీద నొక్కగానే మ్యాప్ తెరుచుకుని దారి చూపిస్తుంది. తెల్లవారుజామున మూడింటికి తెలియని ఊళ్ళో కల్యాణ మండపం వెతుక్కున్న వాళ్ళకి దాని విలువ తెలుసు. "ఇది మొదటే చెప్పొచ్చుగా వదినా" అన్నారు.

పెళ్ళి తర్వాత పని మాత్రం క్యాలెండర్‌లో ఇమడలేదు. ఆల్బమ్‌కి తేదీ ఉండదు, దశలుంటాయి: కాపీ, సెలక్షన్, డిజైన్, ప్రూఫ్, ప్రింటింగ్, డెలివరీ. ఇది డిజైనర్, మా ఆయన, నేను, ముగ్గురమే చూసుకునే పని. దీనికోసం ట్రెల్లో అనే యాప్ ఉచిత ప్లాన్‌లో ఒక బోర్డు పెట్టుకున్నాం. ఒక్కో పెళ్ళి ఒక్కో కార్డు, దశ మారితే పక్క వరుసలోకి లాగడమే. మొదటి రోజే కళ్ళు తెరిపించింది. 14 పెళ్ళిళ్ళు "సెలక్షన్" వరుసలోనే ఇరుక్కుని ఉన్నాయి, అంటే ఫొటోలు పంపాం, వాళ్ళింకా ఎంచలేదు. అన్నిటికంటే పాతది 2025 ఏప్రిల్‌ది. వాళ్ళ బ్యాలెన్సులన్నీ ఆల్బమ్ డెలివరీ రోజుకే ఆగి ఉన్నాయి. కూర్చుని పద్నాలుగు ఇళ్ళకీ ఫోన్లు చేశాను. ఒకావిడ, "అయ్యో, అమ్మాయికి సీమంతం కూడా అయిపోయిందమ్మా, రెండూ కలిపి చేసిపెడతారా" అని అడిగారు.

మా ఆయన ఇప్పటికీ ఒప్పుకోరు. మంచి సాఫ్ట్‌వేర్‌ని బద్ధకం వల్ల వదిలేశామంటారు. అందులో కొంత నిజం ఉంది. అడ్వాన్సులు, ఎవరికెంత ఇవ్వాలి అన్నది క్యాలెండర్ చెప్పదు, ఆ లెక్క ఇప్పటికీ నా నోటు పుస్తకంలోనే. ఇరవై మంది టీమ్, రోజుకి నాలుగు పెళ్ళిళ్ళు అయితే మళ్ళీ ఆ గాంట్ చార్ట్ దగ్గరికే వెళ్తామేమో.

ఫిబ్రవరి 20న మూఢం పోయాక మా మొదటి పెళ్ళి, తెనాలిలో. ముందురోజు సాయంత్రం ఎవరూ ఫోన్ చేయలేదు. నాకే టెన్షన్ వచ్చి నేనే ఒక్కొక్కళ్ళకి ఫోన్ చేసి, "చూశారా?" అని అడిగాను. చూశామన్నారు, విసుక్కున్నారు. అందరూ టైమ్‌కి చేరారు.

మామయ్యగారు ఫోన్‌లో చూడలేరు. అందుకని నెలకోసారి క్యాలెండర్‌ని పెద్ద కాగితం మీద ప్రింట్ తీసి ఆయన మంచం పక్క గోడకి అంటిస్తున్నాను. కళ్ళజోడు పెట్టుకుని, పంచాంగం ఒళ్ళో పెట్టుకుని, ప్రతి గడిలో పెన్నుతో తిథీ నక్షత్రం ఆయనే రాసుకుంటారు. 22వ తేదీ పొద్దున కాఫీ ఇవ్వడానికి వెళ్తే, 26వ తేదీ గడి మీద వేలు పెట్టి కూర్చున్నారు.

"అమ్మాయ్, ఇది బుధవారం రాత్రి తెల్లవారితే గురువారమా, గురువారం రాత్రా? ఇక్కడ తె అని రాయడం మర్చిపోయావు."

శుభలేఖ తెచ్చి ఇద్దరం చూశాం. బుధవారం రాత్రే. స్టూడియోకి వెళ్ళేదాకా ఆగకుండా అక్కడే నిలబడి మార్చాను. రెండు నిమిషాల్లో డ్రోన్ అబ్బాయి దగ్గర్నుంచి జవాబొచ్చింది, మేబీ.